పద్నాలుగో బుట్ట సాక్షి

ఏడు వేసవులు నేను పద్నాలుగో బుట్ట దగ్గర నిలబడ్డాను. ఆడటానికి కాదు, చూడటానికి. మా కోర్పియార్వి ఊరి అడవిలో పద్దెనిమిది బుట్టలున్నాయి. ఒక్కోదానికి ఒక ఇనుప స్తంభం, దానికి బుట్ట, బుట్ట పైన వేలాడే గొలుసులు. సిమెంటు అరుగు మీంచి పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటూ వెళ్ళి ఎన్ని విసుర్లలో అందులో వేశామన్నదే ఆట. మిగతా అరుగుల మీంచి చూస్తే బుట్ట ఎంతో కొంత కనబడుతుంది. పద్నాలుగోది అలా కాదు. తొంభై రెండు మీటర్ల దారి సగంలో ఎడమకి తిరిగిపోతుంది, ఆ మలుపులో సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు గోడ కట్టేసి ఉంటాయి. విసిరినవాడికి తన డిస్క్ ఏ గంగలో కలిసిందో తెలియదు. ఎవరో ఒకరు ముందుగా వెళ్ళి మలుపులో నిలబడి చూడాలి. ఆ ఎవరో ఒకరు నేనే. దోమలు చెవుల దగ్గర సంగీతం పాడుతుంటే, కుడివైపు పొదలో పడిందనో, వాగులో పడిందనో అరిచి చెప్పడం నా ఉద్యోగం.

ఆ అడవిని అలా తీర్చిదిద్దింది మా ఆయన యార్మో. దుంగల లారీ నడిపేవాడు. నడుం పూస జారాక ఇక లారీ ఎక్కొద్దన్నారు డాక్టర్లు. ఆ తర్వాత తన ప్రాణమంతా తెచ్చి ఈ బుట్టల్లో పెట్టాడు. ఏ చెట్టు ఉండాలో ఏది పోవాలో తనే గుర్తు పెట్టాడు. ప్రతి అరుగుకీ దారి చూపే బొమ్మ, కూర్చోడానికి బల్ల, బురద బూట్లు తుడుచుకునే బ్రష్షు, చివర్లో కాఫీ కాచుకునే చెక్క గది. పొరుగూళ్ళవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు.

నా మొగుడు మంచివాడే. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. తాగి రాడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. కానీ నా సాయంత్రం ఎలా గడవాలో, నేను ఏ డిస్క్ విసరాలో, ఎక్కడ నిలబడాలో అన్నీ అతనే చెప్తాడు. పంతొమ్మిదేళ్ళుగా ఊరి బడి వంటింట్లో పిల్లలకి బంగాళాదుంపల సూపు వడ్డించి నేను ఇంటికొచ్చేసరికి, గుమ్మంలో నా బూట్లు తుడిచి వరసగా పెట్టి ఉండేవి. ప్రేమగానే పెట్టేవాడు. ఆ బూట్లు చూస్తే నాకు ఊపిరాడేది కాదు.

ఆ ఏడాది వసంతంలో ఎవరికీ చెప్పకుండా కువోపియో పట్నంలో ఒక బడికి దరఖాస్తు పెట్టాను. వంటింటికి పెద్దగా తీసుకుంటామన్నారు. అక్టోబరు సెలవుల తర్వాత చేరాలి, సెప్టెంబరు ఆఖరులోగా ఏదో ఒక మాట చెప్పాలి. జూన్ రెండో శనివారం, కళ్ళు పరీక్ష చేయించుకొస్తానని యార్మోకి చెప్పి, కారు తీసుకుని పట్నం వెళ్ళి అద్దెగది చూసుకున్నాను. మూడో అంతస్తు, ఒకటే గది, చిన్న వంటిల్లు, బాల్కనీ. ఇల్లుగలావిడ పేరు తుయియా, ఆస్పత్రిలో నర్సు. పక్క వాటాలోనే ఉంటుంది. తన వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ, ఏలకుల రొట్టె పెట్టింది. నేను లేచి మళ్ళీ వెళ్ళి ఆ బాల్కనీని అడుగులతో కొలిచాను. మూడడుగులేస్తే అయిపోయింది. అంత చిన్న బాల్కనీకి అంత సంతోషం ఎందుకొచ్చిందో నాకే తెలియదు. గోడ గడియారం రెండు కొట్టింది. వారంలో ఫోను చేస్తానని చెప్పి బయల్దేరాను. ఆవిడ గుమ్మం దగ్గర డిస్కుల సంచీ వేలాడుతుంటే చూశాను కానీ పట్టించుకోలేదు. మా వైపు ఇంటికొక సంచీ ఉంటుంది.

అయిదింటికి ఇల్లు చేరేసరికి యార్మో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నారింజ రంగు డిస్క్‌ని రెండు చేతుల్లో పెట్టుకుని, అప్పుడే పుట్టిన పిల్లని చూసినట్టు చూస్తున్నాడు.

"పడింది" అన్నాడు.

ఏం పడిందన్నాను. పద్నాలుగోది, ఒక్క విసురుకే, రెండు గంటలకి. అరుగు మీద నిలబడి విసిరాడట, చెట్ల వెనక గొలుసులు ఘల్లుమన్నాయట. నడుం సంగతి మర్చిపోయి పరుగెత్తాడట. వెళ్ళి చూస్తే బుట్టలో ఉందట. ఏడేళ్ళు కళ్ళు కాయలు కాచేలా నేను కాపలా కాసిన చోట, నేను లేని ఒకే ఒక్క రోజున.

ఒక్క విసురుకే పడినదాన్ని ఇంకొకరు కళ్ళారా చూస్తేనే అది లెక్క. ఒంటరిగా వేసింది వేసినట్టు కాదు. ఇది మా ఊరి నియమం కాదు, ఈ ఆట ఆడే ప్రతిచోటా ఉన్నదే. చూసినవాళ్ళు ఆ డిస్క్ మీద సంతకం పెడతారు, చెక్క గదిలో గోడకి తగిలిస్తారు. మా గోడ మీద అప్పటికి పదకొండు ఉన్నాయి. పక్కూరి పిల్లలవీ ఉన్నాయి, పోస్టు పంచే అమ్మాయిదీ ఉంది. యార్మోది లేదు. వంట చేసినవాడికి విస్తరి వేయనట్టు, అడవంతా తీర్చిన మనిషికి ఆ గోడ మీద చోటు లేదు.

"మెర్వీ, నువ్వు అక్కడున్నావని చెప్పు" అన్నాడు.

"నేను పట్నంలో ఉన్నాను కదా."

"మధ్యాహ్నానికే వచ్చేశానని చెప్పు. నువ్వెప్పుడూ అక్కడే ఉంటావని ఊరందరికీ తెలుసు. ఎవరూ అడగను కూడా అడగరు."

ఎవరూ అడగరన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. నిజంగానే ఎవరూ అడగరు. నిజం చెప్పొద్దూ, అతని మాట కూడా నేను నమ్మలేదు. ఏడేళ్ళ ఆశ మనిషి చేత ఏమైనా చేయిస్తుంది. రెండో విసురుకి పడి ఉంటుంది, లేదా అంచుకి తగిలి కింద పడితే ఎత్తి వేసి ఉంటాడు అనుకున్నాను. కానీ నా చేతిసంచీలో ఆ అద్దెగది కొలతల కాగితం ఉంది. నా దొంగతనం ముందు అతని దొంగతనం చాలా చిన్నదిగా కనిపించింది. సరే అన్నాను. కాసేపటికి కళ్ళ సంగతేమైందని అడిగాడు. చూపు బాగానే ఉందన్నారని చెప్పాను. సాక్షికి చూపుండాలిలే అని నవ్వాడు.

మర్నాడు చెక్క గదికి వెళ్ళాం. మా ఆట క్లబ్బుకి పెద్ద సులో, డెబ్భై నాలుగేళ్ళవాడు, ఒకప్పుడు మా బడి హెడ్మాస్టరు. లావుపాటి పుస్తకం తెరిచి తారీఖు, గంట, దూరం, గాలి ఎటు వీచిందీ అన్నీ రాసుకున్నాడు. రాసి, కళ్ళజోడు మీంచి నన్ను చూశాడు.

"ఎలా వచ్చింది అమ్మాయ్? చూసింది చూసినట్టు చెప్పు."

ఇది నేను అనుకోలేదు. నోటికొచ్చింది చెప్పాను. ఎత్తుగా వచ్చింది, స్ప్రూస్ కొమ్మ చివర తాకింది, వంగింది, ఎడమవైపు గొలుసులకి కొట్టుకుని క్షణం సేపు ఆగి అప్పుడు బుట్టలోకి జారింది అన్నాను. సులో మాట పొల్లుపోకుండా రాశాడు. యార్మో నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. డిస్క్ మీద అతని పేరు కింద నల్లసిరా కలంతో నా పేరు రాశాను.

వారం తిరిగేసరికి యార్మో ఆ కథని నా మాటల్లో చెప్పడం మొదలెట్టాడు. కొమ్మ చివర తాకిందట, ఎడమ గొలుసుల మీద ఆగిందట. తను అరుగు మీద, చెట్ల గోడకి అవతల ఉన్న సంగతే మర్చిపోయాడు. చూడనివాళ్ళం ఇద్దరం కలిసి ఒక చూపు తయారుచేశాం. అది ఊరంతా తిరిగింది. దుకాణంలో పాల దగ్గర, చర్చి బయట, సరస్సు ఒడ్డున, ఎక్కడ కనబడితే అక్కడ ఆపి మళ్ళీ చెప్పమనేవాళ్ళు. నేను మళ్ళీ చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అబద్ధం మీద ఇంకో మేకు దిగేది. నడివేసవి పండుగనాడు, సరస్సు ఒడ్డున మంట వేసే ముందు, అందరూ కలిసి పద్నాలుగో అరుగు దగ్గర రేకు బిగించారు. పేరు, దూరం, శనివారం, రెండు గంటలు. కింద, సాక్షి మెర్వీ.

ఇక నా పని అడకత్తెరలో పోకచెక్కే. మా వైపు ఎవరు ఎక్కడ అద్దెకి దిగినా, ఎప్పుడు చూశారు, ఎవరు చూపించారు అన్నది వారంలో అందరి నోళ్ళలోనూ ఉంటుంది. నేను వెళ్తే ఆ శనివారం సంగతి బయటపడుతుంది, యార్మో ఊరి ముందు దొంగవుతాడు. వెళ్ళకపోతే ఆ గుమ్మం, ఆ బూట్లు, ఆ మలుపు. తుయియా రెండుసార్లు ఫోను చేసింది. ఇంకో వారం ఆగమన్నాను. ఉత్తరపు కొసన ఉన్న మాకు ఆ రోజుల్లో రాత్రి కూడా చీకటి పడదు, ముఖం దాచుకుని ఏడ్వడానికి కూడా వెలుతురే.

జూలై మొదట్లో ఒక సాయంత్రం యార్మో నన్ను వాగు అవతలికి తీసుకెళ్ళాడు. చెట్లకి ఎర్ర పట్టీలు కట్టి ఉన్నాయి. ఇంకో తొమ్మిది బుట్టలు వేస్తాడట, సులో కూడా ఒప్పుకున్నాడట. ఇన్నాళ్ళూ ఎవరి కోసం చేస్తున్నానా అనిపించేదనీ, గోడ మీద తన డిస్క్ చూశాక మళ్ళీ చెయ్యబుద్ధవుతోందనీ అన్నాడు. అంత హుషారుగా అతన్ని చూసి ఏళ్ళయింది. ఒక రాయి పక్కన ఆగాడు.

"ఇరవై మూడోదానికి ఇదీ మలుపు. ఇక్కడ నీకో బల్ల వేయిస్తా. నిలబడక్కర్లేదిక, కూర్చుని చూడొచ్చు."

నేను బ్లూబెర్రీ పొదల్లోకి నడిచి, కోస్తున్నట్టు వంగి ఏడ్చాను. వెనకనుంచి, అవింకా పండలేదు కదా అన్నాడు. పండలేదు, ఊరికే చూస్తున్నానన్నాను. ఆ వేసవంతా నేను ఊరికే చూస్తూనే ఉన్నాను.

ఆగస్టులో పోటీ పెట్టారు. నలభై మంది వచ్చారు. చెక్క గది బయట బల్ల వేసి నేను కాఫీ పోస్తున్నాను, యార్మో సాసేజీలు కాలుస్తున్నాడు. పట్నంనుంచి వచ్చిన గుంపులో తుయియా కనిపించింది. ఆవిడ గుమ్మం పక్కనున్న డిస్కుల సంచీ అప్పుడు గుర్తొచ్చింది. పలకరించకపోతే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. ఆట ముప్పాతిక వంతు అయ్యేదాకా మొక్కు పనిచేసింది. పద్నాలుగో అరుగు దాటిన తర్వాత ఆవిడ గబగబా వచ్చింది, ముఖం నిండా నవ్వు. పాపం, ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు.

"మీరే కదూ ఆ రేకు మీద ఉన్న మెర్వీ! నేను అనుకుంటూనే ఉన్నా. కానీ ఆ శనివారం రెండింటికి మీరు మా ఇంట్లో ఉన్నారు కదండీ, బాల్కనీ కొలుస్తూ? ఆ గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మీ ఫోను కోసమే చూస్తున్నా."

యార్మో సాసేజీని తిప్పాడు. రెండో వైపు కూడా కాలనిచ్చాడు. అప్పుడు తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"రేకు మీద గంట తప్పు పడిందండీ. నాదే పొరపాటు, మార్పించాలి" అన్నాడు. తర్వాత, కాఫీలో పాలు పొయ్యమంటారా అని అడిగాడు.

ఆవిడ పొయ్యమంది. చుట్టుపక్కలవాళ్ళు ఎవరూ తల తిప్పలేదు. గండం గడిచినట్టే. గడవలేదని నా ఒక్కదానికే తెలుసు.

ఆ రాత్రి ఏమైనా అంటాడేమో అనుకున్నాను. అనలేదు. మర్నాడూ లేదు. మా ఇంట్లో మౌనం కొత్తేమీ కాదు, కానీ ఈ మౌనం వేరు. గుమ్మంలో నా బూట్లు నేను విడిచిన చోటే వంకరగా పడి ఉన్నాయి. ఒక్కడే అడవిలోకి వెళ్ళేవాడు. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని గొలుసుల చప్పుడు వినేదాన్ని. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు, ఆ వేడిలో పెట్టె సర్దుకోవచ్చు. అతను ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ అతని మాటల్లో ఇరుక్కున్నాను, ఇప్పుడు మాట్లాడకపోవడంలో ఇరుక్కున్నాను.

పదో రోజో పదకొండో రోజో, ఆవిరి స్నానాల గదిలో పక్కపక్కన కూర్చుని ఉన్నాం. కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆవిరి తగ్గేదాకా ఆగాడు.

"బాల్కనీ ఎటువైపు?" అన్నాడు.

"పడమర."

"అయితే సాయంత్రం ఎండొస్తుంది."

"వస్తుంది."

మళ్ళీ నీళ్ళు చల్లాడు. అంతే. నాకు ఏడుపొచ్చింది, ఆవిరిలో తెలియలేదు.

సెప్టెంబరు మూడో శనివారం ఊరి శ్రమదానం. చలికాలం ముందు ఆకులు ఊడ్చి, దారులకి కంకర పోసి, బల్లలు లోపల పెట్టడానికి ఇంటికొకరు వస్తారు. ఇరవై మందిదాకా చెక్క గది ముందు చేరి బఠాణీ సూపు తాగుతున్నారు. యార్మో లోపలికి వెళ్ళి గోడ మీంచి తన డిస్క్ తీసుకొచ్చాడు. జేబులోంచి రేకు తీశాడు. పొద్దున్నే వెళ్ళి ఊడదీసుకొచ్చినట్టున్నాడు. రెండూ సులో ముందు బల్ల మీద పెట్టాడు.

"బాబాయ్, పుస్తకంలో నా పేరు కొట్టెయ్. ఆ రోజు అక్కడ ఎవరూ లేరు."

సులో నా వైపు చూశాడు.

"మెర్వీ పట్నంలో ఉంది, ఇల్లు చూసుకోడానికి వెళ్ళింది" అన్నాడు యార్మో. "అబద్ధం చెప్పమన్నది నేను. తనకి అక్కడ పెద్ద ఉద్యోగం వచ్చింది. ఈ రేకు ఇక్కడుంటే వెళ్ళలేకపోతోంది."

ఆ ఉద్యోగం సంగతి నేను అతనికి చెప్పలేదు. ఎవర్ని అడిగి తెలుసుకున్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

"ఇంతకీ పడిందా, లేదా?" అని అడిగాడు సులో.

"పడింది. నమ్మమని ఎవర్నీ అడగను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. యార్మో చెవులు ఎర్రబడ్డాయి. పార తీసుకుని కంకర గుట్ట వైపు నడిచాడు. అందరూ వింటుండగా తన పరువు తనే తీసుకున్నాడు. తీసుకోవలసిన అగత్యం లేదు. గంట తప్పు పడిందన్న మాట చాలు, ఆ డిస్క్ నూరేళ్ళు ఆ గోడ మీద ఉండేది, నేను నూరేళ్ళు ఆ మలుపులో ఉండేదాన్ని. నిజంగా పడనిదైతే ఇంత నొప్పితో ఎవరూ వదులుకోరు. వేసవంతా పక్కన ఉండి నమ్మనిదాన్ని, ఆ క్షణాన నమ్మాను. నమ్మినందుకు సిగ్గేసింది కూడా, అంత ఆలస్యంగా నమ్మినందుకు.

"బాబాయ్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను చూడలేదు. ఆ కొమ్మ, ఆ గొలుసు అన్నీ కల్పించి చెప్పాను. కానీ పడింది."

"చూడకుండా ఎలా చెప్తావు అమ్మాయ్?"

"ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను కాబట్టి చెప్తున్నాను."

సులో చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. దానికి పుస్తకంలో గడి లేదమ్మా అన్నాడు మెల్లగా. స్కేలు పెట్టి, ఆ వరస మీద నిదానంగా ఒక గీత గీశాడు, కింద అక్షరాలు కనబడేలాగే. కంకర గుట్ట దగ్గర యార్మో మాకు వీపు చూపించి నిలబడి ఉన్నాడు. పార మీద చేతులు ఆనించి, పని చేయకుండా అలాగే ఉన్నాడు. నేను చెప్పింది విన్నాడు.

మర్నాడు తుయియాకి ఫోను చేశాను. అక్టోబరు నుంచి గది తీసుకుంటానని చెబుతుంటే, పక్క గదిలోంచి తాడు రాపిడి వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, యార్మో మోకాళ్ళ మీద కూర్చుని, నడుం నొప్పికి పళ్ళు బిగించి, అటక మీంచి దించిన నా పెద్ద పెట్టెకి తాడు కడుతున్నాడు. ఇంకా మూడు వారాలుంది, ఇప్పుడే ఎందుకన్నాను. దీని గొళ్ళెం పాడైంది, దారిలో తెరుచుకుంటుంది అన్నాడు. పెట్టె ఖాళీగానే ఉంది. అయినా ముడి వేసి, గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.